ఖమ్రా ఖహ్వా: ఈ సెంటు సీసాలో ఉన్నది అరబ్బుల కాఫీయేనా?

ఈరోజు ఎపిసోడ్ ఒక సెంటు బాటిల్ గురించి. మొన్నటిదాకా ఫోన్లూ రౌటర్లూ అంటూ ఇప్పుడు సెంటు మీద పడ్డాడేంటి అనుకోకండి. ఏ వస్తువు చేతికొచ్చినా విప్పి చూసి, లోపల ఏముందో, అది ఎలా పనిచేస్తుందో చెప్పుకోవడమే కదా మన పని. ఈసారి విప్పేది వాసనని. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, ముక్కు చాలు.

బాటిల్ పేరు ఖమ్రా ఖహ్వా. చేసేది లత్తాఫా అనే దుబాయ్ కంపెనీ. గల్ఫ్ నుంచి ఎవరైనా వస్తుంటే "నాకొకటి తెచ్చిపెట్టు బాబాయ్" అని చెప్పించుకునే లిస్టులో ఇప్పుడు ఇది కూడా చేరింది. పేరులోనే కాఫీ ఉంది. అరబ్బులు అతిథులకి పోసే మసాలా కాఫీని గుర్తుచేసే సెంటు అని దీన్ని అమ్ముతారు. కాబట్టి ప్రశ్న చాలా సింపుల్. ఆ కాఫీకీ, ఈ సీసాలోని వాసనకీ సంబంధం ఎంత? డబ్బులు పెట్టి కొనేవాళ్ళకి అది తెలియాలి కదా. అందుకే ముందు కాఫీ సంగతి, తర్వాత సీసా సంగతి, చివర్లో కొనాలా వద్దా అన్నది చూద్దాం.

ముందు పేరు సంగతి

2022లో ఈ కంపెనీ ఖమ్రా అని ఒక సెంటు విడుదల చేసింది. అది బాగా పాపులర్ అయ్యింది. కిలియన్ అనే ఖరీదైన బ్రాండ్‌కి 2020లో వచ్చిన ఏంజెల్స్ షేర్ అనే సెంటు ఉంది. దాల్చిన చెక్క, కోన్యాక్ బ్రాందీ, తియ్యటి పాకం వాసన. ఖమ్రా దానికి దగ్గరగా ఉంటుందనీ, ధరేమో దానితో పోలిస్తే ఎన్నో రెట్లు తక్కువనీ జనం ఎగబడ్డారు. ఆ ఊపులో 2023లో దానికి కాఫీ వెర్షన్ తెచ్చారు. అదే ఖమ్రా ఖహ్వా. మన భాషలో చెప్పాలంటే అదే కోడ్‌బేస్ మీద ఇంకో బ్రాంచ్ తీశారన్నమాట.

ఇక్కడ ఒక తమాషా ఉంది. అరబిక్‌లో ఖమ్ర్ అంటే మద్యం, మత్తెక్కించే పానీయం. ఖమ్రా అన్న పేరు ఆ మాట తోబుట్టువే. మరి ఖహ్వా అంటే? ఇప్పుడైతే కాఫీ. కానీ కాఫీ అనే పానీయం పుట్టకముందు నుంచే ఆ మాట అరబిక్‌లో ఉంది, అప్పుడది మద్యానికున్న పేర్లలో ఒకటి. అంటే పాత నిఘంటువు తెరిచి చదివితే ఈ బాటిల్ పేరు "మద్యం మద్యం" అన్నట్టే. కాఫీకి ఆ పేరు ఎందుకు అంటుకుందో ఊహించడం కష్టం కాదు. తాగితే మనిషికి ఏదో అవుతుంది! పదిహేనో శతాబ్దంలో యెమెన్‌లో సూఫీలు రాత్రంతా మెలకువగా ఉండి ప్రార్థన చేసుకోవడానికి కాఫీ తాగేవారు. 1511లో మక్కాలో అక్కడి అధికారి ఖాయిర్ బేగ్ కాఫీని నిషేధించాడు కూడా. కైరోలోని సుల్తాను దగ్గర ఆ నిషేధం నిలబడలేదు. లేకపోతే మన పొద్దుటి ఫిల్టర్ కాఫీ కథ ఎలా ఉండేదో.

అసలు గహ్వా అంటే ఏంటి

రాతలో ఖహ్వా, గల్ఫ్‌లో నోటిమాటగా గహ్వా. మనకి కాఫీ అనగానే ఏం గుర్తొస్తుంది? నల్లగా వేయించిన గింజలు, చికోరీ, చిక్కటి డికాక్షన్, పాలు, పంచదార. గహ్వా దాదాపు ప్రతి విషయంలోనూ దీనికి రివర్స్.

గింజని చాలా లేతగా వేయిస్తారు. సౌదీలో, గల్ఫ్‌లో చాలా ఇళ్ళల్లో గహ్వా చూస్తే కాఫీ అనిపించదు, పల్చటి బంగారు రంగులో కషాయంలా ఉంటుంది. పాలు ఉండవు. పంచదార ఉండదు. ఏలకులు మాత్రం దండిగా పడతాయి. చిటికెడో రెండు కాయలో కాదండీ, కొన్ని ఇళ్ళల్లో కాఫీ పొడి ఎంతో ఏలకుల పొడీ అంతే. దాని మీద ఇంటింటి పద్ధతిని బట్టి కుంకుమ పువ్వు, లవంగం, ఒక్కోచోట అల్లం, రోజ్ వాటర్. పోసేది పొడుగాటి ముక్కున్న దల్లా అనే కూజాలోంచి. తాగేది ఫింజాన్ అనే పిడి లేని చిన్న కప్పులో. తీపి ఎక్కడుంది మరి? పక్కన పళ్ళెంలో ఖర్జూరాలు ఉంటాయి. ఖర్జూరం కొరికి, చేదు గుటక వేయాలి. తీపి పళ్ళెంలో ఉంటుంది, కప్పులో ఉండదు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, సెంటు దగ్గర మళ్ళీ దీంతో పనుంది.

పోయడానికి కూడా లెక్క ఉంది. దల్లా ఎడమ చేతిలో, ఫింజాన్ కుడి చేతిలో. ముందు పెద్దవాళ్ళకి లేదా ముఖ్య అతిథికి. కప్పు నిండా పోయకూడదు, అడుగున కొంచెం పోస్తారు. నిండా పోస్తే తాగేసి వెళ్ళిపో అన్నట్టు. కొంచెం కొంచెం పోస్తూ ఉంటే ఇంకాసేపు కూర్చోమని. చాలు అనుకుంటే కప్పుని అటూ ఇటూ ఆడించి ఇచ్చేయాలి, ఆడించకపోతే పోస్తూనే ఉంటారు. 2015లో యునెస్కో ఈ అరబిక్ కాఫీ సంప్రదాయాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వం జాబితాలో చేర్చింది. యూఏఈ, సౌదీ, ఒమన్, ఖతార్ కలిసి దరఖాస్తు పెట్టాయి. యూఏఈ ఒక దిర్హమ్ నాణెం ఎవరి దగ్గరైనా ఉంటే తిప్పి చూడండి, దాని మీద ఉన్నది దల్లా బొమ్మే.

ఇంకొకటి. గల్ఫ్ ఇళ్ళల్లో కాఫీతో మొదలైన మర్యాద చాలాసార్లు సుగంధంతో ముగుస్తుంది. ఊదు చెక్కలు గానీ, బఖూర్ గానీ నిప్పుల మీద వేసి ఆ ధూపాన్ని అతిథుల దగ్గరికి తిప్పుతారు. వాళ్ళు బట్టలకి, గడ్డానికి పట్టించుకుంటారు. ఊదు వచ్చాక ఇక కూర్చోవడం లేదని అక్కడో సామెత కూడా ఉంది. అంటే ఊదు వేశారంటే సెలవు తీసుకునే టైమ్ అయ్యిందని అర్థం. మనకి కాఫీ అనేది తాగేది, సెంటు అనేది పూసుకునేది, రెండూ వేరే షెల్ఫులు. వాళ్ళకి రెండూ ఒకే సాయంత్రంలో ముందూ వెనకా. కాబట్టి కాఫీ పేరుతో సెంటు అనేది అక్కడ వింత ఆలోచన కాదు.

కాఫీ వాసనని సీసాలో పట్టడం ఎందుకు కష్టం

ఇప్పుడు కెమిస్ట్రీ. భయపడకండి, రెండు నిమిషాలే. పచ్చి కాఫీ గింజకి మనం కాఫీ అనుకునే వాసన ఉండదు. ఎండుగడ్డిలా, పచ్చి బఠాణీలా ఉంటుంది. వేయించినప్పుడు గింజలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి వందల రకాల కొత్త వాసన పదార్థాలు పుడతాయి. దీన్నే మెయిలార్డ్ చర్య అంటారు. మన రొట్టె కాలినప్పుడు, వేరుశనగలు వేగినప్పుడు జరిగేది కూడా ఇదే. వేయించిన కాఫీలో గాల్లోకి లేచే పదార్థాలు ఎనిమిది వందలకి పైనే గుర్తించారు.

అందులో ఒకటి హీరో. పేరు ఫర్‌ఫ్యూరిల్ థయాల్. గంధకం ఉన్న అణువు. 1920లలో స్టౌడింగర్, రైక్‌స్టైన్ అనే ఇద్దరు కెమిస్టులు కాఫీ వాసన మీద కూర్చుని పనిచేసి ఇలాంటి అణువులని బయటికి తీశారు. తర్వాత ఇద్దరికీ వేరే పనులకి నోబెల్ వచ్చింది, రైక్‌స్టైన్‌కి 1950లో, స్టౌడింగర్‌కి 1953లో. ఈ థయాల్ అతి కొద్దిగా ఉంటే అప్పుడే పొడి కొట్టిన కాఫీ. మోతాదు పెరిగితే రబ్బరు కాలిన కంపు. పైగా గాలి తగిలితే త్వరగా పాడవుతుంది. కాఫీ పొడి ప్యాకెట్ తెరిచిన రోజు వీధంతా వాసన, పది రోజులయ్యాక మూత తీసినా అంతంతమాత్రం. ఎందుకో అర్థమైంది కదా. ఇలాంటి పదార్థాన్ని నమ్ముకుని ఏడెనిమిది గంటలు నిలిచే సెంటు చేయడం కష్టం.

అందుకని పెర్ఫ్యూమర్లు ఏం చేస్తారంటే, కాఫీని కట్టుకొస్తారు. కాఫీ నుంచి తీసిన ఎక్‌స్ట్రాక్ట్ కొంత, వేయించిన గింజల వాసనిచ్చే పైరజీన్లు కొంత, ఆ చేదుని పట్టి ఉంచడానికి కలప, వెనీలా, బంకల వాసనలు. వెనీలా తోడు లేకపోతే ముక్కుకి అది కాఫీ కంటే మాడువాసనలా తోచే ప్రమాదం ఉంది. అందుకే కాఫీ సెంట్లు చాలావరకు తియ్యగా ఉంటాయి. 1992లో ముగ్లర్ వాళ్ళ ఏంజెల్ వచ్చి, తినే పదార్థాల వాసనతో సెంటు చేయొచ్చని రుజువు చేసింది. 1996లో అదే బ్రాండ్ మగవాళ్ళ సెంటు ఏ మెన్‌లో కాఫీ వచ్చింది. 2014లో వైఎస్ఎల్ బ్లాక్ ఓపియమ్ కాఫీని వెనీలాతో కలిపి మాల్స్ నిండా నింపేసింది. ఖమ్రా ఖహ్వా ఈ వరుసలోదే.

ఇంకో చిక్కు చూడండి. ఈ మాడు వాసనలన్నీ గింజ బాగా వేగితే గట్టిగా వస్తాయి. గహ్వా గింజ లేతగా వేగింది. దాని వాసనలో గడ్డి, వేయించిన శనగలు, కొంచెం టీ లాంటి ఛాయలే ఎక్కువ. దాని మీద ఏలకుల ఘాటు. అంటే గహ్వాని ఉన్నదున్నట్టు సెంటుగా చేస్తే అందులో ముందుండేది ఏలకులు, వెనక పల్చటి గింజ వాసన, ఒక పక్క కుంకుమ పువ్వు. తీపి దాదాపు సున్నా. ఇది మన బెంచ్‌మార్క్. ఇప్పుడు సీసా దగ్గరికి వెళ్దాం.

లిస్టులో ఏముంది, ముక్కుకి ఏం తగిలింది

ఈ సెంటుకి చెప్పే నోట్స్ ఇవి. పైన దాల్చిన చెక్క, ఏలకులు, అల్లం. మధ్యలో ప్రాలీన్, పాకం పట్టిన పండ్లు, తెల్ల పూలు. అడుగున వెనీలా, కాఫీ, టోంకా గింజ, బెంజోయిన్, మస్క్.

కొన్ని మాటలు కొత్తగా ఉంటాయి కాబట్టి మన వంటింటి భాషలోకి మారుస్తాను. ప్రాలీన్ అంటే పంచదార పాకంలో వేయించిన గింజపప్పు, మన చిక్కీకి దగ్గరి చుట్టం. పాకం పట్టిన పండ్లంటే టూటీఫ్రూటీ అనుకోండి. టోంకా అనేది దక్షిణ అమెరికా గింజ, కూమరిన్ అనే పదార్థం వల్ల బాదం, ఎండుగడ్డి, వెనీలా కలిసినట్టు ఉంటుంది. బెంజోయిన్ మీకు బాగా తెలుసు. మన సాంబ్రాణి. చంటిపిల్లలకి తలంటాక వేసే పొగ గుర్తుందా, అదే.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఈ లిస్టు ఫార్ములా కాదు. ఇంజనీర్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది సోర్స్ కోడ్ కాదు, రీడ్‌మీ ఫైల్. "మీకు ఇలా అనిపించాలి" అని కంపెనీ చెప్పే వర్ణన. అసలు ఏ పదార్థం ఎంత పడింది అనేది వాళ్ళ రహస్యం. కాఫీ అని రాసి ఉంటే కాఫీ గింజ నుంచి తీసినది ఉండొచ్చు, ల్యాబ్‌లో కట్టినది ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు. లిస్టులో పది పేర్లుంటే పదో వంతు కాఫీ అని లెక్క వేయకండి.

నేను చేసిన టెస్ట్ చెప్తాను. పొద్దున తొమ్మిదింటికి ఎడమ మణికట్టు మీద ఒక్క స్ప్రే, ఒక తెల్ల కాగితం మీద ఒక స్ప్రే. ఏసీ గదిలో గంట గంటకీ వాసన చూసి రాసుకున్నాను. వరుసగా నాలుగు రోజులు. ఇది నా ముక్కు, నా చర్మం. మీకు కొంచెం తేడా రావచ్చు.

మొదటి పది నిమిషాలు దాల్చిన చెక్క. గట్టిగా, తియ్యగా, బేకరీలో అప్పుడే తీసిన బన్ను లాగా. దాని పక్కన ఏలకులు ఉన్నాయి, కానీ వెతికితే దొరికేటన్ని. ఏలకుల నూనెలో ముఖ్యమైన పదార్థాల్లో ఒకటి సినియోల్, నీలగిరి తైలంలో ఉండేదే. చల్లగా లేస్తుంది, త్వరగా ఎగిరిపోతుంది. అరగంటయ్యేసరికి ఏలకులు వెళ్ళిపోయాయి. గంటకి ప్రాలీన్, పండ్ల పాకం. కాఫీ నాకు రెండో గంట నుంచి స్పష్టంగా తగిలింది. అది గహ్వా కాఫీ కాదు. నల్లగా వేగిన గింజ, దాని మీద క్రీమూ కారమెల్ వేసినట్టు. ఏదో కాఫీ షాపులో తియ్యటి డ్రింక్ మూత తీసినట్టు. నాలుగో గంట తర్వాత వెనీలా, టోంకా, సాంబ్రాణి. సాయంత్రం ఆరింటికి కూడా మణికట్టు మీద ఉంది. కాగితం మీద మర్నాటికీ ఉంది.

బెంచ్‌మార్క్‌తో పోల్చండి. గహ్వాలో ముందుండేది ఏలకులు, ఇక్కడ దాల్చిన చెక్క. గహ్వా గింజ లేత వేపుడు, ఇక్కడ ముదురు వేపుడు. గహ్వాలో తీపి లేదు, ఇక్కడ తీపే ఇల్లు, మిగతావి కిటికీలు. అంటే మోసమా? ఒకరకంగా కాదు. ఇప్పటి అరబిక్‌లో ఖహ్వా అంటే కాపుచినో కూడా ఖహ్వానే. పేరు అబద్ధం చెప్పలేదు. ఆ పేరు విని దల్లా ముక్కులోంచి పడే బంగారు రంగు ధారని ఊహించుకుంటే మాత్రం ఆశాభంగం ఖాయం.

మా పిన్ని ఏమంది

నా ముక్కు ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఇంకొకళ్ళని అడిగాను. మా పిన్ని కువైట్‌లో ఒక ఇంట్లో పదకొండేళ్ళు వంటపని చేసి వచ్చింది. మాది రాజోలు దగ్గర. ఆ పక్కన ఏ వీధికెళ్ళినా గల్ఫ్ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు ఒకరిద్దరైనా కనిపిస్తారు. కాబట్టి గహ్వా విషయంలో మా ఇంట్లో సీనియర్ మోస్ట్ ఎక్స్‌పర్ట్ ఆవిడే.

పేరు చెప్పకుండా చేతి మీద స్ప్రే చేసి చూపించాను. "కేకు వాసనొత్తంది" అంది. ఇది గహ్వా సెంటు పిన్నీ అన్నాను. మళ్ళీ వాసన చూసి, "గహ్వా అంటావేంట్రా, ఇందులో హేల్ ఏది?" అంది. హేల్ అంటే అక్కడి అరబిక్‌లో ఏలకులు. నేను నాలుగు రోజులు నోట్స్ రాసుకుని తేల్చిన విషయం ఆవిడ రెండు సెకన్లలో చెప్పేసింది.

ఎలా చేసేదానివి అని అడిగాను. కువైట్‌లో మగవాళ్ళు సాయంత్రాలు కూర్చునే గదిని దివానియా అంటారు. దివానియా ఉన్న రోజు పెద్ద గిన్నెడు కాచేదట. పొడి మరిగించి, దించి, మడ్డి అడుక్కి దిగేదాకా కదపకుండా వదిలేసి, పైతేట ఫ్లాస్కులోకి వంచి, అందులో ఏలకుల పొడి, కుంకుమ పువ్వు. తీసుకెళ్ళి పోయడానికి వేరే కుర్రాడు ఉండేవాడట, ఈవిడ పని వంటింటి వరకే. రంజాన్ నెలలో అయితే ఫ్లాస్కులు ఎన్నిసార్లు నింపిందో లెక్క లేదంది.

"మరి నువ్వు తాగేదానివా?" అన్నాను. "తాగకేం, వంటింట్లో నిలబడి తాగేదాన్ని. కూర్చుని తాగింది లేదు" అంది. బాధపడుతూ చెప్పలేదు, ఏదో లెక్క చెప్పినట్టు చెప్పింది.

నేను ఇందాక యునెస్కో అన్నాను, ఔదార్యం అన్నాను, కుడిచెయ్యి ఎడమచెయ్యి అన్నాను. అవన్నీ నిజమే. వాటి పక్కన ఇది కూడా నిజం. ఆ వాసన వచ్చిన అతిథికి ఆహ్వానం. వంటింట్లో కాచిన మనిషికి డ్యూటీ మొదలైందన్న సంకేతం. తెలంగాణలో జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి, ఇటు కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళల్లో ఇలా ఆ వాసన వెనకవైపు నిలబడినవాళ్ళు చాలామంది ఉన్నారు. గల్ఫ్ నుంచి వచ్చే సూట్‌కేసులో సెంటు సీసా తప్పకుండా ఉంటుంది కదా. అది మనకి గిఫ్టు. తెచ్చినవాళ్ళకి ఆ వాసన ఏం గుర్తుచేస్తుందో మనం ఎప్పుడైనా అడిగామా? ఈసారి అడగండి. రెండు మాటలైనా చెప్తారు.

గంట తర్వాత పిన్ని తనంతట తనే చెయ్యి మళ్ళీ వాసన చూసుకుంది. "ఇప్పుడు పర్లేదు, ఖర్జూరం పళ్ళెం వాసనొత్తంది" అంది. నాకు అదే కరెక్ట్ అనిపించింది. ఈ సెంటు కప్పులోని కాఫీని పట్టుకోలేదు. కప్పు పక్కన ఉన్న తీపి పళ్ళేన్నీ, గదిలోని ధూపాన్నీ పట్టుకుని, వాటి మీద కాస్త కాఫీ చల్లింది. అలా అనుకుని వాసన చూస్తే ఇది మంచి సెంటు.

కొనాలా వద్దా

తీపి వాసనలు, దాల్చిన చెక్క, వెనీలా మీకు ఇష్టమైతే ఇది నచ్చుతుంది. చాలాసేపు నిలుస్తుంది. చలికాలం, వానాకాలం సాయంత్రాలు, ఏసీ ఫంక్షన్ హాలు, వీటికి బాగుంటుంది. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం బస్సులో? వద్దండి. వేడికి సెంటు త్వరత్వరగా ఆవిరవుతుంది, తీపి ఒక్కసారిగా పైకి లేస్తుంది. మీకంటే ముందు పక్కసీటు ఆయనకి తలనొప్పి వస్తుంది.

రెండు స్ప్రేలు దాటకండి. ఒక గంటయ్యాక "ఏం రావట్లేదు" అనిపించి మళ్ళీ కొట్టుకుంటారు చూడండి, అక్కడే తేడా వస్తుంది. ఆగకుండా వచ్చే సిగ్నల్‌ని మెదడు ఫిల్టర్ చేసేస్తుంది. మీకు తెలియట్లేదంటే వాసన పోయిందని కాదు, ఎదుటివాళ్ళకి అందుతూనే ఉంటుంది.

దాల్చిన చెక్క వాసనిచ్చే సిన్నమాల్డిహైడ్, లవంగంలోని యూజినాల్ లాంటివి కొంతమంది చర్మానికి పడవు. అందుకే సెంట్లలో వాటి మోతాదుకి అంతర్జాతీయ పరిమితులు ఉన్నాయి. ముందు మోచేతి లోపల ఒక చుక్క వేసుకుని ఒక రోజు చూడండి. దురద, ఎరుపు వస్తే చర్మం మీద వద్దు.

షాపులో చూసేటప్పుడు మొదటి పది నిమిషాల వాసన చూసి కొనకండి. అది ట్రైలర్ మాత్రమే. చేతి మీద వేయించుకుని, బయటికొచ్చి, ఓ మూడు నాలుగు గంటలు మీ పని మీరు చూసుకుని, అప్పుడు నిర్ణయించుకోండి. మీతో రోజంతా ఉండేది ఆ తర్వాతి వాసనే. ఇంకోటి, సెంటు షాపుల్లో మధ్యమధ్యలో వాసన చూడమని కాఫీ గింజల గిన్నె పెడతారు, ముక్కు రీసెట్ అవుతుందని. 2011లో అమెరికాలో బెలాయిట్ కాలేజీ పరిశోధకులు దీన్ని పరీక్షిస్తే, కాఫీ గింజలు మామూలు గాలి కంటే మెరుగ్గా ఏమీ పనిచేయలేదు. కాబట్టి బయటికెళ్ళి రెండు నిమిషాలు నిలబడండి, చాలు. కాఫీ సెంటు కొనడానికి వెళ్ళి కాఫీ గింజలు వాసన చూస్తే ఇంకా కన్ఫ్యూజ్ అవుతారు కూడా.

ఇక అసలు గహ్వా వాసనే కావాలి అనుకునేవాళ్ళకి నా సలహా, సెంటు కొనకండి, కాచుకోండి. లైట్ రోస్ట్ గింజలు అడిగి తీసుకోండి, అరకు కాఫీలో కూడా లైట్ రోస్ట్ దొరుకుతుంది. చికోరీ కలవకూడదు. కాస్త బరకగా పొడి చేయించండి. మూడు కప్పుల నీళ్ళు మరిగాక రెండు టేబుల్ స్పూన్ల పొడి వేసి సన్నసెగ మీద పది నిమిషాలు ఉంచండి. దించి ఐదు నిమిషాలు కదపకండి. పైతేట ఫ్లాస్కులోకి వంచి, అప్పుడే దంచిన ఏలకులు ఒక టేబుల్ స్పూన్, నాలుగు రేకలు కుంకుమ పువ్వు వేసి మూత పెట్టండి. పది నిమిషాలాగి మూత తీయండి. ఆ మొదటి ఆవిరి ఉంది చూశారా, అది ఇప్పటిదాకా నేను చూసిన ఏ సీసాలోనూ లేదు. పంచదార వేయకండి, పక్కన ఖర్జూరాలు పెట్టుకోండి.

ఆ ఏలకుల గురించి ఒక చిన్న మాట. ప్రపంచంలో ఏలకులు ఎక్కువగా పండించే దేశం గ్వాటెమాలా. అక్కడివాళ్ళు వాటిని పెద్దగా తినరు, పండినదాంట్లో చాలా భాగం అరబ్ దేశాలకి వెళ్తుంది. మన కేరళ ఇడుక్కి ఏలకులు కూడా గల్ఫ్‌కి వెళ్తాయి. అంటే గహ్వా గుటకలో యెమెన్ ఆచారం, ఎక్కడో పండిన గింజ, ఇంకెక్కడో పండిన ఏలకులు, ఒక్కోసారి కోనసీమ నుంచి వెళ్ళిన చెయ్యి, అన్నీ కలుస్తాయి.

మేం కూడా ఈ ఎపిసోడ్ కోసం కాచాం. పిన్నే కాచింది, నేను పోశాను. దల్లా లేదు, స్టీల్ ఫ్లాస్కే. ఆవిడ సోఫాలో కూర్చుని మూడు కప్పులు తాగి, కప్పు ఆడించి ఇచ్చేసింది.

మీ ఇంట్లో గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళుంటే వాళ్ళ గహ్వా పద్ధతి అడిగి నాకు చెప్పండి, తేడాలు రాసి పెడదాం. వచ్చే ఎపిసోడ్‌లో ఊదు సంగతి చూద్దాం. తులం ధర ఎందుకంత ఉంటుందో, షాపులో ఊదు అని ఇచ్చేది నిజంగా ఊదేనా అన్నది మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటానండి, నమస్తే.